పెళ్లిచూపులకు పారాణితో వెళ్లాను

డెబ్బైలలో మాట. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో సున్నం గోదాం నా పని. ఒకరోజు డ్యూటీ దిగగానే, వర్జ్యం వస్తుందని మా మేనమామ తొందరపెడితే, మొహం మాత్రం కడుక్కొని లక్డారానికి పెళ్లిచూపులకు బయలుదేరాను. నా కాళ్లకున్న సున్నంతో ఊరంతటికీ వెల్ల వేయవచ్చు.

పిల్ల తండ్రి పసుపు వ్యాపారి. వాకిలంతా పసుపు పొడి రాలి ఉంది. ఆయన ఇచ్చిన చెంబెడు నీళ్లు కాళ్ల మీద పోసుకొని, ఆ పసుపు తొక్కుకుంటూ లోపలికి వెళ్లాను. పసుపు, సున్నం కలిస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా? కొత్త పెళ్లికొడుకులా పాదాలు ఎర్రగా మెరిశాయి.

పిల్ల నాయనమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. “పారాణి ఇంక ఆరనే లేదు. పొద్దున్నే ఎవతినో చేసుకొని వచ్చినవా కొడుకా?”

నాకు మంజీర పొంగేంత చెమట పట్టింది. మేనమామ అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

“కాదవ్వా, ఇది సున్నం గుణం. ఒక నిమ్మకాయ ఇయ్యి, చూపిస్త,” అన్నాను.

పులుపు తగలగానే ఎరుపు పోయి పసుపు తేలింది. గెలిచాననుకున్నాను.

“చూసినవా బిడ్డా,” అంది అవ్వ మనవరాలితో. “గీ పిలగాడు అయిన పెండ్లిని గూడ కడిగేస్తడు.”

పిల్ల కిసుక్కున నవ్వింది. “మంచిదే గదా నానమ్మా. బోళ్లు గూడ గిట్లనే తోముతడు.”

ఆ నవ్వుతో సంబంధం ఖాయమైంది. ఆమ్లం క్షారాన్ని విరిచేస్తుందని బడిలో సారు చెప్పారు గానీ, తర్వాత జీవితమంతా గిన్నెలు నా వంతని చెప్పలేదు.