కొయ్య రైఫిళ్ళకు నేను పెట్టిన పరీక్ష

రండి పిల్లలూ, దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటొచ్చి చాప మీద కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, పక్కింట్లో వింటే నా పరువు పోతుంది. కూర్చున్నారా? ఎప్పుడూ తెలివైన రాజుల కథలు, న్యాయం చెప్పిన పెద్దల కథలు చెబుతుంటాను కదా. ఈరోజు తెలివిలేని టీచరమ్మ కథ. ఆ టీచరమ్మ నేనే.

మా తమ్ముడు యెంకటేసు నాతో మాట్లాడి రెండు వారాలైంది. సైన్యంలో సుబేదారు వాడు. సెలవు మీద పాండిచ్చేరికి వచ్చి నెల్లితోపులో వాళ్ళ ఇంట్లోనే ఉన్నాడు. ఫోను చేస్తే మా మరదలు ఎత్తి, ఆయన స్నానం చేస్తున్నారొదినా అంటుంది. పొద్దున చేసినా స్నానమే, సాయంత్రం చేసినా స్నానమే. అంత స్నానానికి కారణం ఒక రంపం. ఆ రంపం పట్టిన చెయ్యి ఇదే.

మొదటినుంచీ చెబుతాను. పోయిన నెల విద్యాశాఖ ఆఫీసునుంచి మన బడికి ఒక కాగితం వచ్చింది. రిపబ్లిక్ డేకి పాండీ బీచ్ రోడ్డులో జరిగే కవాతులో మన ఊరి బడికి కూడా చోటిచ్చారు. మన బడి పుట్టాక ఇదే మొదటిసారి. ఒక్కొక్క బడికి ఒక్కొక్క విషయం. మనకు వచ్చింది ‘మన సైన్యానికి మన రైఫిలు’. పన్నెండుమంది పిల్లలు మన దేశంలో తయారైన రైఫిలు లాంటి కొయ్య రైఫిళ్ళు పట్టుకుని నడవాలి. మైకులో దాని గురించి పది వాక్యాలు చదవాలి. రిహార్సల్ నాటికి పన్నెండు రైఫిళ్ళూ సిద్ధంగా లేకపోతే మన చోటు టౌన్లో ఇంకో బడికి ఇచ్చేస్తామని కింద రాశారు.

హెడ్మాస్టరు ఈ పని డ్రిల్లు సారుకు ఇవ్వకుండా నాకిచ్చారు. నా తమ్ముడు సుబేదారు కదా, అదీ నా అర్హత. నాకు తుపాకి అంటే దీపావళి తుపాకే తెలుసు. అయినా సరే అన్నాను. ఆ పన్నెండుమంది ముఖాలు చూశాక కాదనలేకపోయాను. అప్పటికే ఒకరికొకరు చీపురుకట్టలతో సెల్యూట్లు కొట్టుకుంటున్నారు.

నోటుపుస్తకం తీసుకుని తమ్ముడి దగ్గరికి పోయి కూర్చున్నాను. మన సైన్యం తన రైఫిలును ఎట్లా తయారుచేయించి ఎంచుకుంటుందో చెప్పరా అన్నాను. వాడు సంతోషంగా మొదలుపెట్టాడు. ముందు బయటిదేశాలవాళ్ళు గీసిన బొమ్మలు చూసి చేసుకునేవాళ్ళమట. తర్వాత మన కొలతలకు, మన సిపాయి చేతికి సరిపోయేది మనమే చేసుకుందామని ఇంజనీర్లు బొమ్మ గీశారట. ఫ్యాక్టరీలో చేసి సిపాయిల చేతికిచ్చి పరీక్షలు పెడతారు. ఎడారి ఇసుకలో పూడుస్తారు, మంచుకొండల మీద వదిలేస్తారు, బురదలో ముంచుతారు, నీళ్ళలో నానేస్తారు, ఎత్తునుంచి పడేస్తారు. అన్నీ అయ్యాక పేల్చి చూస్తారు. అట్లాంటి పరీక్షలో మావాడు కూడా ఉన్నాడు. ఏది ఎవరు చేసిందో సిపాయికి తెలియకూడదని రైఫిలు మీద నంబరు మాత్రం వేసి ఇచ్చారట.

"చివరికి ఏది బాగుందన్నారు?" అని అడిగాను.

ఎడారిలోవాళ్ళు ఒకటి బాగుందన్నారు, మంచులోవాళ్ళు అదే బాగాలేదన్నారు. బొమ్మ గీసినవాళ్ళేమో సిపాయిలు సరిగ్గా తుడవడం లేదన్నారు. సిపాయిలేమో మీరొచ్చి ఈ మంచులో తుడిచి చూపించండన్నారు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడింది, మళ్ళీ మొదటినుంచి పరీక్ష. అయితే ఎంపికైనట్టా, కానట్టా అని అడిగాను. అయింది, కాలేదు అన్నాడు. అంటే ఏందిరా అన్నాను. అంటే అంతేనన్నాడు. పది వాక్యాలు రాయడానికి పోయినదాన్ని, మూడు రాసి రెండు కొట్టేసి ఇంటికొచ్చాను.

ఒక్కటి మాత్రం నా బుర్రలో గట్టిగా కూర్చుంది. మంచిదేదో తెలియాలంటే పరీక్ష పెట్టాలి. పెట్టేవాళ్ళకు చేసినవాడి పేరు తెలియకూడదు.

కొయ్యపని తెలిసినవాళ్ళను మన పక్క ఆసారి అంటాం కదా. నాకు తెలిసిన ఆసారులు ముగ్గురు. సారం పేటలో పెద్దాయన ఒకరు, గోరిమేడులో ఒకాయన, నెల్లితోపులోనే ఇంకో ఆయన. ఎవరికిచ్చినా మిగిలిన ఇద్దరూ అలుగుతారు. అందుకని ముగ్గురికీ మా తమ్ముడి దగ్గరున్న కొయ్య రైఫిలును నమూనాగా చూపించాను. అది వాడి పటాలంలో ఒక ఆసారి, కొండల్లో ఉన్నప్పుడు చెక్కి ఇచ్చిందట. అసలుదాని కొలతలకు నూలుపోగంత తేడా లేదు. కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పడానికి వాడు పదేళ్ళుగా దాన్నే వాడుతున్నాడు. మళ్ళీ పటాలానికి తీసుకుపోవాలి, జాగ్రత్త అక్కా అని మూడుసార్లు చెప్పి ఇచ్చాడు.

తలా ఒకటి చేసి తెండి, పరీక్షలో నెగ్గినవారికే పన్నెండూ ఇస్తానన్నాను. అందరూ వేపకొయ్యే వాడాలి, నమూనాకు ఉన్నట్టే నల్లరంగు వెయ్యాలి, గుర్తులేమీ పెట్టకూడదు. అంత నిష్పక్షపాతం నాది. వాళ్ళు తెచ్చిచ్చాక ఒకటి, రెండు, మూడు అని నేనే నంబర్లు వేశాను. ఏ నంబరు ఎవరిదో ఒక కాగితం మీద రాసి నా సంచిలో భద్రంగా దాచాను. ఆ కాగితం ఇప్పటికీ భద్రంగానే ఉంది.

నంబర్లు వేసింది సుద్దముక్కతో.

అప్పుడే నవ్వకండి. ఆదివారం పొద్దున నెల్లితోపు ఇంటి పెరట్లో పరీక్ష. తమ్ముడు టోపీ పెట్టుకుని విజిలు కూడా తెచ్చుకున్నాడు. ముందు బురద. మా మరదలి అరటిచెట్టు పాదులో మూడింటినీ పూడ్చి తొక్కాం. పక్కన గోడకు ఆనించి ఉన్న నమూనా మీదా బోలెడు బురద చిందింది. తీసి చూస్తే నంబర్లు కనబడలేదు. బురద కింద ఉంటాయిలే, కడిగితే బయటపడతాయి అనుకున్నాను. ఇరవైరెండేళ్ళుగా రోజూ నల్లబల్లను తడిగుడ్డతో తుడిచే మనిషిని, అట్లా అనుకున్నాను.

తర్వాత నీళ్ళు. గుడ్డలు నానేసే తొట్టిలో మూడింటినీ ముంచి మేం టీ తాగడానికి లోపలికి పోయాం. తిరిగొచ్చి చూస్తే తొట్టి ఖాళీ. ఉతికే రాయి మీద నల్లగా, తడిగా, ఒక్క గీత కూడా లేకుండా నాలుగు రైఫిళ్ళు. మరదలు చేతులు తుడుచుకుంటా ఉంది.

"నాలుగోదీ బురదగానే ఉండాది కదొదినా. పాపం, దాన్నీ కలిపి నానేసి తోమినా. నాకూ తొట్టి కావాల గదా."

నాలుగూ ఒకే పొడుగు, ఒకే రంగు. నీళ్ళు తాగి బరువు కూడా ఒకటే. ఇందులో మనవాడి నమూనా ఏదో కూడా తెలియడం లేదే అన్నాను. తమ్ముడు నవ్వాడు.

"నా రైఫిలు నాకు తెలీదా అక్కా? పదేళ్ళు భుజాన మోసినా."

ఒకటెత్తి భుజానికి ఆనించి చూశాడు. పక్కన పెట్టి ఇంకొకటి ఎత్తాడు. మూడోది ఎత్తగానే, ఇదే అన్నాడు. తుండుగుడ్డతో తుడిచి, చుట్టి, లోపలికి తీసుకుపోయి ట్రంకులో పెట్టి తాళం వేశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న సుబేదారు చెబితే ఇంక నేను అనుమానిస్తానా?

మిగిలిన మూడింటినీ మిద్దెమీదికి తీసుకుపోయి ఒక్కొక్కటే కింద పడేశాం. ఒకదానికి భుజానికి ఆనించే భాగం చీలిపోయింది. ఒకదానికి తూటాలు నింపే పెట్టె, మ్యాగజైన్ అంటారు, అది ఊడి ఎగిరి పక్కవాళ్ళ పెరట్లో పడింది. మూడోది మాత్రం రెండుసార్లు ఎగిరి గంభీరంగా పడుకుంది. ఒక్క బీట కూడా లేదు. నెగ్గింది ఏదో తెలిసిపోయింది. దాన్ని చేసింది ఎవరో మాత్రం తెలియలేదు.

ఎస్టీడీ బూత్‌కు పోయి ముగ్గురు ఆసారులకూ కబురు పెట్టించాను. నాలుగింటికి వచ్చారు. మూడు రైఫిళ్ళూ ముందు పెట్టి, ఎవరిది ఏదో చెప్పండి అన్నాను. ముగ్గురి చేతులూ ఒకేసారి బీట పడనిదాని మీదికి పోయాయి. గోరిమేడాయన ఆ నునుపు చూడండి, నా చిత్రిక అట్లాగే ఉంటుందన్నాడు. నెల్లితోపాయన ఆ వంపు మా నాయన నేర్పిందన్నాడు. సారం పెద్దాయన దానిమీదనుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. కవాతు ఇంకా తొమ్మిది రోజులుంది, రిహార్సల్ వారమే ఉంది. ఎవరో ఒకరు ఆ సాయంత్రమే పని మొదలుపెట్టకపోతే మన పిల్లలు బీచ్ రోడ్డు పక్కన నిలబడి వేరే బడివాళ్ళు నడవడం చూడాలి.

అప్పుడు నాలో కథలు చెప్పే టీచరమ్మ లేచింది. ఇట్లాంటి చిక్కు కథల్లో ఎన్నిసార్లు రాలేదు! ఒక వస్తువు నాది నాదని అందరూ అంటే పెద్దమనిషి ఏం చేస్తాడు? దాన్ని ముక్కలు చేసి పంచుతానంటాడు. నిజంగా అది ఎవరిదో వాళ్ళు తట్టుకోలేక వద్దని ఏడుస్తారు. ఎన్నేళ్ళుగా మీలాంటి పిల్లలకు ఈ కథ చెబుతున్నాను! పెరట్లో కొమ్మలు కోసే రంపం కనబడింది. తీసుకున్నాను.

"సరే, దీన్ని మూడు ముక్కలు చేస్తాను. తలా ఒకటి తీసుకోండి" అని కొయ్యమీద రంపం పెట్టి ముగ్గురి ముఖాలూ చూశాను.

ఎవరూ ఏడవలేదు. గోరిమేడాయన తల గోక్కున్నాడు. నెల్లితోపాయన తన సంచిలో చెయ్యి పెట్టాడు.

"అది మొద్దుబారిండాది టీచరమ్మా. ఇదో, నాది తీసుకోండి."

ఎవరూ ఏడవకపోతే ఏం చెయ్యాలో ఆ కథల్లో చెప్పలేదు పిల్లలూ. ఆయనిచ్చిన రంపం కొత్తగా, చల్లగా నా చేతిలో ఉంది. వెనక్కి తీసుకుంటే నా మాటకు విలువ ఉండదు. నాలుగుసార్లు లాగితే ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుని లాగాను. ఆసారి రంపం, ఎంత మంచిదంటే, నాలుగో లాగుకు రైఫిలు రెండు ముక్కలైంది.

పెరడంతా ఒక వాసన. ఊదుబత్తి వెలిగించినట్టు. సారం పెద్దాయన కిందికి వంగి పొట్టు తీసుకుని వాసన చూశాడు.

"ఇది యాపకొయ్య కాదే. ఇది మన పక్కది కానే కాదు. దేవదారు. కొండల్లోది."

ఆ మాట పూర్తి కాకముందే ఇంట్లోనుంచి మా తమ్ముడు వచ్చాడు. ముక్కల వంక చూశాడు. లోపలికి పరిగెత్తి ట్రంకు తీసి, తుండుగుడ్డ విప్పి, అందులోదాన్ని వాసన చూశాడు. వేపకొయ్య. మళ్ళీ బయటికొచ్చి ఉతికే రాయి మీద కూర్చున్నాడు. మంచులో, తుపాకుల మధ్య ఏళ్ళకేళ్ళు నిలబడినవాడు, రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

చూశారా, కథలో తీర్పు తప్పు కాలేదు. ఏడ్చినవాడిదే వస్తువు. రంపం దిగాక ఏడ్చాడు, అంతే తేడా.

ఎందుకు అబద్ధం చెప్పారని ఆసారులను అడిగాను. పెద్దాయన సిగ్గుపడుతూ, అబద్ధం కాదమ్మా అన్నాడు. "అన్నిటికీ ఒకే రంగు పుయ్యమంటివి. నాది యాదో నాకే తెలీలే. పగిలింది మాత్రం నాది కాకూడదని దేవుడికి మొక్కుకుంటా ఉన్నా."

అప్పుడు ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, నన్నేమీ అడక్కుండానే మా తమ్ముడి ఒళ్ళోంచి ముక్కలు తీసుకున్నారు. ఒకరు లోపల కొయ్యమేకు దిగవేశారు, ఒకరు బంక పెట్టారు, ఒకరు తాడుతో బిగించి కట్టారు. వారం విప్పకూడదన్నారు. అప్పుడు నేను రిహార్సల్ సంగతి చెప్పి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాను. పోటీ లేదు గీటీ లేదు, తలా నాలుగు చేస్తాం పో అమ్మా అన్నాడు పెద్దాయన. నమూనా చూద్దామంటే అది కట్టుకట్టించుకుని పడుకుని ఉంది. ఎవరికి గుర్తున్నట్టు వాళ్ళు చేసుకొచ్చారు.

రిపబ్లిక్ డే నాడు బీచ్ రోడ్డులో మన పన్నెండుమందీ ఎంత బాగా నడిచారో! రైఫిళ్ళు మాత్రం మూడు రకాలు. సారంవి జానెడు ఎక్కువ పొడుగు. గోరిమేడువి వెనకాల గుమ్మడికాయల్లా లావు. నెల్లితోపువాటికి మ్యాగజైన్లు ఎడమపక్కకు తిరిగి సముద్రం చూస్తున్నాయి. నేను మైకులో, మన సైన్యం ఎన్నో పరీక్షలు పెట్టి ఒక్క రైఫిలును ఎంచుకుంటుంది అని చదువుతుంటే ముందువరసలో జనం పిల్లల చేతులవంక చూస్తున్నారు.

అయిపోయాక పెద్ద మీసాలాయన ఒకాయన, రిటైరైన కర్నలట, మన వరస దగ్గరికి వచ్చాడు. ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. మేడమ్, ఒకే బడికి మూడు మోడల్సా అని ఇంగ్లీషులో అడిగాడు. పక్కన హెడ్మాస్టరు చెమటలు కక్కుతున్నారు. నాకు ఒక్క ముక్క ఇంగ్లీషు కూడా గుర్తు రాలేదు. ఎట్లా వచ్చిందో, నోట్లోంచి ఇదొక్కటి వచ్చింది.

"ట్రయల్స్ ఇంకా జరుగుతున్నాయి సార్."

ఆయన మీసం కదిలింది. ఎన్నాళ్ళుగా అన్నాడు. తొమ్మిది రోజులుగా అన్నాను.

"తొమ్మిది రోజుల్లో పన్నెండూ చేతికొచ్చాయా? మీ కార్పెంటర్ల అడ్రసు ఇవ్వండి మేడమ్. మావాళ్ళకు పంపిస్తాను."

వచ్చే ఏడాదీ ఈ బడిని పిలవండని ఆఫీసువాళ్ళతో చెప్పి పోయాడు. హెడ్మాస్టరు చాలా సంతోషించారు. సంతోషించి, ఇకమీదట బడికి ఏం కొనాలన్నా ఎంచే పని మాత్రం మీకొద్దు టీచర్ అన్నారు. మొన్న రెండు చీపుర్లు కావలసివస్తే డ్రిల్లు సారును పంపారు.

చాలు, లేవండి. ఇళ్ళకు పోయి వేడివేడిగా తినండి. అమ్మ ఏం వడ్డిస్తే అది తినాలి, ఎంచకూడదు. ఎంచితే ఏమవుతుందో ఇప్పుడే కదా విన్నారు.