పెద్ద బిళ్ల మహిమ

మొన్న ఎల్‌బీ నగర్‌లో ఒక మాల్‌కి పోతే, చిన్నప్పటి వీడియో గేమ్ కనబడింది. సందుల్లో చుక్కలు తింటూ పోయే పసుపు నోటిని దయ్యాలు తరుముతాయి. అది పెద్ద బిళ్ల మింగిందా, అవే నీలంగా మారి పారిపోతాయి.

ఆ చిన్నప్పుడే, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఒకసారి నన్ను కుక్కలు తరిమాయి. బడిలో చెప్పినవేవీ గుర్తురాలేదు గానీ ఇది గుర్తొచ్చింది. జేబులోని పిప్పరమెంటు మింగి, నోరు తెరుచుకుని వాటి మీదికే ఉరికాను. కుక్కలు నిజంగానే పారిపోయాయి. నీలంగా ఎందుకు మారలేదో మాత్రం అర్థం కాలేదు.

వెనక్కి తిరిగితే అక్క.

"అక్కా, బిళ్ల పనిచేసిందే."

"చేసింది తియ్. జర నోరు మూసుకొని ఇంటికి నడువ్," అంది రొప్పుతూ.

కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో చీపురుంది. ఇల్లు వదిలేసి గల్లీ ఎందుకు ఊడుస్తోందా అని చాన్నాళ్లు ఆలోచించాను.