కళ్ళు తెరవని పిల్ల

నరసరావుపేటలో ఐజాజ్ కొట్టుకు ఆనుకునే నా పుస్తకాల కొట్టు. ఇరవై ఏళ్ళ నుంచి ఒకే గోడకు అటొకరం ఇటొకరం కూర్చుంటున్నాం. అతని గురించి చెప్పమంటే రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. మనిషి మంచివాడు, తొందర మనిషి. ఆ రెండోది లేకపోతే నేనిది రాయాల్సిన పని ఉండేది కాదు.

వాళ్ళ నాన్న గాజులు అమ్మేవాడు. ఐజాజ్ గాజులు వదిలేసి చైనా సరుకులోకి దిగాడు. గోడ గడియారాలు, ప్లాస్టిక్ పూలు, నీళ్ళు చిమ్మే బుద్ధుడు, ఒకటేమిటి, గృహప్రవేశానికి ఏం పట్టుకెళ్ళాలో తోచనివాడికి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. మొదటిసారి చైనా వెళ్ళి ఈవూ అనే ఊళ్ళో హోల్‌సేల్ బజారు చూసొచ్చి నెల రోజులు మా చెవుల్లో అదే ఊదాడు.

"మన పేటను తీసకపోయి ఆ బజార్లో పెడితే కనపడదన్నా" అనేవాడు.

"తిండి ఏందిరా మరి?" అని అడిగితే, "కోడిగుడ్డు, అరటిపండు, అల్లా దయ" అనేవాడు.

తర్వాత్తర్వాత ప్రయాణాలు మానేశాడు. వ్యాపారమంతా ఫోన్లోనే. బొమ్మలు పోసే ఫ్యాక్టరీలో మిస్ లిన్ అనే ఆమె ఉండేది. ఆమె తన భాషలో రాస్తే ఫోన్ దాన్ని తెలుగు చేసి చూపించేది. ఆ తెలుగు చదివి మేమిద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. ఆమె మాత్రం నవ్వులాట మనిషి కాదు. ఏనుగు తొండానికి ముడతలెన్ని, పెట్టెకు అట్టలెన్ని, అన్నీ అడిగి గానీ పని మొదలుపెట్టేది కాదు. ఐజాజ్ అన్నిటికీ ఒకటే మాట రాసేవాడు, ఓకే అని. చదివి జవాబు రాయొచ్చు కదరా అంటే, "ఆలోచిస్తా కూర్చుంటే ఆ సరుకు ఇంకోడి కొట్లో ఉంటదన్నా" అనేవాడు.

రెండేళ్ళ కిందట అతనికి ఒక ఆలోచన వచ్చింది. అందరి కొట్లలోనూ అదే బుద్ధుడుంటే తన కొట్టుకు ఎవడొస్తాడు? మన దుర్గి శిల్పుల చేత కొత్త నమూనాలు చెక్కించి, వాటి వీడియోలు పంపి, అక్కడ తేలికపాటి ప్లాస్టిక్ లాంటి రెజిన్‌లో పోయించి తెప్పిస్తే? దుర్గిలో సుందరరావు అనే శిల్పి వాళ్ళ నాన్న కాలం నుంచీ తెలిసినవాడు. ఒక వినాయకుణ్ణీ ఒక ఏనుగునూ చెక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఐజాజ్ వెళ్ళి వాటి చుట్టూ తిరిగి వీడియో తీసుకున్నాడు.

సుందరరావు చెక్కుకునే పాకలో ఓ మూల గోతం కప్పిన రాయి ఒకటి ఉంది. సుందరరావు గేదెకు నీళ్ళు పెట్టడానికి బయటికి వెళ్ళినప్పుడు ఐజాజ్ ఆ గోతం ఎత్తి చూశాడు. మోకాళ్ళు ముడుచుకుని, మోకాలి మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయి. ఒక జడ రిబ్బను వదులైంది. కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి. దాని చుట్టూ కూడా తిరిగి వీడియో తీసుకుని, గోతం మళ్ళీ కప్పేశాడు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

అది సుందరరావు కూతురు దీపిక. అప్పటికి మూడేళ్ళ కిందట రెండు రోజుల జ్వరంతో పోయింది. పిల్ల పోయిన సంగతి ఐజాజ్‌కు తెలుసు. పిల్ల మొహం తెలియదు, ఉయ్యాలలో ఉన్నప్పుడు ఒకసారి చూశాడంతే.

మిస్ లిన్ వినాయకుణ్ణీ ఏనుగునూ పక్కన పెట్టి ఈ పిల్లను కోరుకుంది. కోరుకుని, తన అలవాటు ప్రకారం అడిగింది. "ఈ బొమ్మకు కళ్ళు చెక్కడం మిగిలి ఉందా? ఇలాగే ఉంచాలా?"

శిల్పులు కళ్ళు ఆఖర్న తెరుస్తారని, తెరవనంత వరకు వాళ్ళ లెక్కలో ఆ పని పూర్తి కానట్టేనని పల్నాడులో అందరికీ తెలిసిన సంగతే. ఐజాజ్‌కూ తెలుసు. కానీ ఆ ప్రశ్న చదివినప్పుడు అతనికి శిల్పులు గుర్తు రాలేదు, వాళ్ళ నాయనమ్మ, దాదీ గుర్తొచ్చింది. ఇతని చిన్నప్పుడు ఆ ముసలావిడ ఇతని చెల్లెళ్ళ ఆటబొమ్మలకు బొగ్గుతో కళ్ళు చెరిపేసేదట. కళ్ళుంటే ఇంట్లోకి ఫరిష్తాలు, అంటే దేవదూతలు, రారని ఆవిడ నమ్మకం. భార్య ఫర్హీన్ కూడా కొట్లో ఈ మొహాలేందని ఏళ్ళ తరబడి సణుగుతూనే ఉంది. ఈ ఒక్క బొమ్మ అయినా ఇంట్లో పేచీ లేకుండా అమ్ముకోవచ్చని సంబరపడ్డాడు. ఓకే అని రాశాడు.

పన్నెండు వందల మంది పిల్లలు చెన్నై రేవులో దిగి, లారీలో పేటకొచ్చారు.

ఎంత బాగా అమ్ముడయ్యాయో చెబితే నమ్మరు. కళ్ళు మూసుకుని ధ్యానం చేస్తోందని కొందరు, నిద్రపోతోందని కొందరు. ముప్పాళ్ళలో మిర్చి రైతు ఒకాయన గేటుకు చెరో పక్క ఒకటి పెట్టించాడు. మాచవరంలో ఒక డాక్టరు వరండాలో పెట్టుకున్నాడు. నేనే మా మరదలి గృహప్రవేశానికి ఒకటి ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక వేసవి మధ్యాహ్నం, రోడ్డు మీద కాకి కూడా లేని వేళ, సుందరరావు భార్య రామలక్ష్మి బస్సు దిగి కొట్టుకొచ్చింది. చంకలో ఆ బొమ్మ. పిల్లల్ని ఎత్తుకునే పద్ధతిలోనే ఎత్తుకుంది, తలకు ఎండ తగలకుండా కొంగు కప్పింది. నేను అప్పుడు ఐజాజ్ కొట్లోనే ఉన్నాను. బొమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, ఎడమ చెవి చూపించింది.

"ఈ చెవి తమ్మె చీలింది చూశావా ఐజాజూ. మా మేకపిల్ల కమ్మ పట్టుకుని లాగింది. అప్పుడు దానికి ఆరేళ్ళు. చానా ఏడ్చింది."

ఐజాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మాచర్లలో పెళ్ళికి పోతే ఫంక్షన్ హాలు మెట్ల మీద కూర్చోనుంది. మా ఆయన చేతి పనే. కానీ ఎత్తితే బరువు లేదు. ఎక్కడిదని అడిగితే నీ కొట్టు పేరు చెప్పారు."

"వదినా, నాకు తెలవదు. ఒట్టు. అన్నకు ఇయ్యాల్సింది ఏందో..."

"నేను దాని కోసం రాలా. ఎంతమందిని తెచ్చావు?"

"పన్నెండు వందలు."

ఆమె ఆ అంకెను పెదాల మీద తిప్పుకుంది. తర్వాత మెల్లగా, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "ఆయన కళ్ళు తెరవలా. తెరిస్తే అది తనను చూసిద్దని భయం. పేట ఆసుపత్రికి ఇంకో పూట ముందు తీసుకుపోయుంటే బతికేదని ఆయన బాధ. గోతం కప్పి కూర్చున్నాడు. కళ్ళు లేని పిల్లకు ఇల్లెట్టా తెలుసుద్ది ఐజాజూ? అందుకే ఊరూరా గేట్ల కాడ కూర్చుంటంది. ఇది మా ఇల్లేనా, ఇది మా ఇల్లేనా అని."

పోయేటప్పుడు గుమ్మంలో ఆగింది. "ఆయనకు నేను చెప్పి చెప్పి అలిసిపోయా. నువ్వు తీసకపోయావు గాబట్టి నువ్వే చెప్పు. నా బిడ్డకు కళ్ళు తెరిపించు."

ఆ రోజు నుంచి ఐజాజ్ మనిషి మనిషిలా లేడు. పట్టపగలు, మంచి ఎండలో, గోదాములోకి వెళ్ళాలంటే నన్ను తోడు రమ్మనేవాడు. మిగిలిన మూడు వందల బొమ్మలు బారులు తీరి కూర్చుని ఉండేవి. వాటిని గోడకు తిప్పి పెట్టాడు. తిప్పాక వీపులు చూస్తే ఇంకా భయమేసిందట, అలిగి కూర్చున్నట్టున్నారని మళ్ళీ ఇటు తిప్పాడు. కొట్లోకి వచ్చిన ఆడమనిషి ఎవరైనా "ఎవరి పిల్లండీ, భలే ఉంది" అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

నాకూ ఆ భయం అంటుకుంది, దాచడమెందుకు. మా మరదలి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల పక్కనుంచి నడవలేక దొడ్డి గుమ్మంలోంచి వెళ్ళాను.

అమ్మినవి వెనక్కి తెద్దామని ఊళ్ళు తిరిగాడు. ఎవరిస్తారు? ముప్పాళ్ళ రైతు, "ఈ పిల్ల వచ్చాకే మాకు కలిసొచ్చింది, పదింతలిచ్చినా ఇయ్యం" అన్నాడట. చివరికి మిస్ లిన్‌కు రాశాడు, కళ్ళు పెట్టడానికి వీలవుతుందా అని. జవాబు వచ్చింది. కొత్త అచ్చు చేయవచ్చు, కళ్ళ నమూనా పంపండి. దాని కింద ఇంకో వరుస. "ఈ పిల్ల ఎవరని మా పనివాళ్ళు కూడా అడిగారు. రంగు వేసే ఆమె, ఈ పిల్లకు తల్లి ఉందా అని అడిగింది."

ఈసారి మేము నవ్వలేదు. ఐజాజ్ ఓకే అని రాయకుండా ఫోన్ పక్కన పెట్టడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం దుర్గి వెళ్ళాం, గోదాములోంచి ఒక బొమ్మను వెంటబెట్టుకుని. సుందరరావు మమ్మల్ని కూర్చోమనలేదు.

"నీకు మంచినీళ్ళిచ్చిన ఇల్లు గదరా ఇది. నేను గేదె కాడికి పోయొచ్చే లోపల నా బిడ్డను ఫోన్లో పెట్టుకుపోయావు."

"తప్పేనన్నా. కొట్టు. కొట్టినాక దీనికి కళ్ళు తెరువు. వదిన అడిగింది."

సుందరరావు భార్య వంక చూశాడు. ఆమె తల తిప్పుకోలేదు. అతను మేము తెచ్చిన బొమ్మను ఒళ్ళోకి తీసుకుని, సన్నటి ఉలి కంటి దగ్గర ఆనించి, సుత్తితో చిన్నగా తట్టాడు. ఉలి లోపలికి దిగిపోయింది. కన్ను రాలేదు, చిల్లు పడింది. అందులో ఏమీ లేదు, చీకటి తప్ప. సుందరరావు చటుక్కున ఆ చిల్లును బొటనవేలితో మూసేశాడు. మూసిన వేలు తీయలేకపోయాడు. పెద్దమనిషి, మా ఎదుట వెక్కి వెక్కి ఏడ్చాడు.

రామలక్ష్మి లేచి మూలనున్న రాతి మీద గోతం లాగేసింది. "దాంట్లో అది లేదు. దీంట్లో ఉంది. దీనికి తెరువు."

కళ్ళు తెరిచేటప్పుడు ఎదురుగా అద్దం పెడతారు. మొదటి చూపు మనిషి మీద పడకూడదంటారు, తట్టుకోలేరట. సుందరరావు మొహం తుడుచుకుని అద్దం తెమ్మన్నాడు. ఆమె గోడకున్న అద్దం తెచ్చింది. తెచ్చి, దాన్ని బోర్లించి పక్కన పెట్టి, రాతికి ఎదురుగా తనే కూర్చుంది.

"అక్కడ కూర్చోగూడదు రామలక్ష్మీ. చూపు తగులుద్ది."

"తగలనియ్."

అతను ఉలి అందుకున్నాడు. పక్కగా కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. ఐజాజ్, నేను రాతి వెనక నిలబడ్డాం. అలవాటు కొద్దీ ఐజాజ్ చెయ్యి జేబులో ఫోన్ మీదికి వెళ్ళింది. వెళ్ళి, ఊరికే తిరిగొచ్చింది.

రెండో కన్ను అయిపోగానే సుందరరావు ఉలి కింద పెట్టి, రాతి వంక చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. మాకు రామలక్ష్మి మొహం ఒక్కటే కనపడుతోంది. ఆమె ముందుకు వంగి ఆ రాతి మొహంలోకి చూసింది. రాతిపొడిని కొంగుతో తుడిచింది.

"ఏమే, ఇంత పొద్దు ఎక్కడ తిరిగావే" అంది.

మేమిద్దరం మెల్లగా వెనక దారిన బయటపడ్డాం.

మిస్ లిన్‌కు ఆ కళ్ళ నమూనా వెళ్ళలేదు. ఆ అచ్చు పగలగొట్టమని, ఆ పిల్లకు తల్లి ఉందని మాత్రం రాశాడు. గోదాములో మిగిలినవన్నీ అలాగే ఉన్నాయి, ఈసారి అన్నిటినీ దుర్గి వైపు తిప్పి పెట్టాడు.

ఇదంతా జరిగి ఏడాదవుతోంది. మొన్న ఏదో పని మీద అతని బండి మీద ముప్పాళ్ళ వెళుతున్నాం. ఆ మిర్చి రైతు గేటు దగ్గర బండి ఆపాడు. చెరో పక్కా పిల్లలు కూర్చునే ఉన్నారు, మీద ఎర్రటి దుమ్ము. దిగి, జేబురుమాలుతో ఒకదాని మొహం తుడిచాడు, రెండోదాని మొహం తుడిచాడు. వంగి, చీలిన చెవి దగ్గర చెప్పాడు.

"ఇది మీ ఇల్లు కాదమ్మా. మీది దుర్గి. మాచర్ల బస్సెక్కు, కారంపూడి దాటినాక దిగు. మీ అమ్మ వాకిట్లోనే ఉంటది."

ఎక్కడ కనపడినా అంతేనట, ఆగి దారి చెప్పి గానీ కదలడట. ఇంకా ఎనిమిది వందల తొంభై మందికి చెప్పాలన్నాడు.