మాస్టారి రెండో బ్రేకు

ఊళ్లో సగం మందికి బండి నేర్పిన మనిషి డ్రైవింగ్ మాస్టారు. పంతొమ్మిదేళ్లుగా పక్క సీట్లో కూర్చునే బతికాడు. శిక్షణ కారులో ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే మాస్టారి కాలు కాపాడుతుంది. అవతలి మనిషికి తెలియకుండా, కబుర్లు చెబుతూనే నొక్కడం ఆయన పనితనం. చాలామంది పనితనం పని వేళలతో ముగుస్తుంది. ఆయనది ముగియలేదు.

భార్య నర్సు. ఆసుపత్రి మానేసి, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి చూసే ఉద్యోగం ఒప్పుకుంది. సోమవారం చేరాలి. బండి తనే నడపాలి. లైసెన్సు వచ్చింది గానీ ధైర్యం రాలేదు. అందుకే ఈ నాలుగు రోజుల ప్రయాణం: ఒకవైపు సముద్రం, ఒకవైపు అడవి, నెత్తిన వాన, డిక్కీలో గుడారం. వేరే కారు లేదు కాబట్టి శిక్షణ కారే. ఆలుమగలు ఒకరికొకరు తోడని పెళ్లిళ్లలో ఉపన్యాసాలు దంచేవాళ్లెవరూ తడి గుడారంలో నాలుగు రోజులు పడుకుని ఉండరు.

మొదట్లో ఆమె సంబరానికి పట్టపగ్గాల్లేవు.

"చూశారా మాస్టారూ, ఆ మలుపు ఎలా తిప్పానో?"

"ఇరవై ఏళ్లుగా నన్నే తిప్పుతున్నావు, నీకు బండెంత!"

మూడో రోజు మధ్యాహ్నం, రాలిన ఆకులతో జారుడుగా ఉన్న మలుపులో, ఆయన కాలు అలవాటుగా దిగింది. ఆమె నెమ్మదిగానే వెళుతోంది, సరిగ్గానే తిప్పుతోంది. మలుపు మధ్యలో హఠాత్తుగా పడ్డ బ్రేకుకి కారు గిరుక్కున తిరిగి, రోడ్డు పక్క కాలవలో ముక్కు పెట్టింది. దెబ్బలేం తగల్లేదు. ఆమె ఇంజను ఆపి ఆయన వైపు తిరిగింది.

"నేనేం చేశానండీ?"

అప్పుడే చెప్పాల్సింది. "వాన కదా, ఎవరికైనా అవుతుంది" అన్నాడు. అబద్ధం ఓదార్పులా ఎంత సాఫీగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం వేసింది.

అటుగా వచ్చిన దుంగల లారీ డ్రైవరు తాడు కట్టి లాగాడు.

"ఎవరు నడిపింది?"

"నేనే తమ్ముడూ."

కారు మీది డ్రైవింగ్ స్కూలు బోర్డు చూసి అతను పగలబడి నవ్వాడు. "పక్కన మాస్టారిని పెట్టుకుని మరీ కాలవలోకి దింపావా అక్కా!"

మాస్టారూ నవ్వాడు.

మర్నాడు పొద్దున గుడారం ముందు టీ కాస్తూ ఆమె అంది: "సోమవారం రానని ఫోన్ చేసి చెప్పేస్తాను. ఇలా నడిపితే రోగి దగ్గరికి నన్నే మోసుకెళ్లాలి."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే ఆయన్ని కుదిపేసింది.

"తప్పు నీది కాదు. నేనే నొక్కాను."

"ఏం నొక్కారు?"

"నా వైపు బ్రేకు. అలవాటుగా."

ఆమె ముఖం విప్పారుతుందనుకున్నాడు. ఆమె స్టవ్ ఆపింది.

"మొన్న కొండ మలుపులో?"

"...నొక్కాను."

"వంతెన దిగేటప్పుడు?"

"కొంచెం."

"చేపల రేవు దగ్గర?"

మాస్టారు చేతిలోని ఖాళీ గ్లాసులోకి చూశాడు.

"అయితే ఈ మూడు రోజులూ నేను నడిపిందేమిటి?"

ఆమె మీది నింద తీసేద్దామని ఆయన నోరు విప్పితే, దాంతోపాటు ఆమె గర్వమూ ఊడి వచ్చింది. నిజం చెబితే మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్లు, విన్న మనిషి మొహం చూసి ఉండరు.

"పానా ఉందా?"

"డిక్కీలో."

"పీకెయ్యండి దాన్ని."

మోకాళ్లు బురదలో పెట్టి, సీటు ముందు తల దూర్చి, తాను బిగించిన బోల్టులు తానే విప్పాడు. వీపంతా వానలో తడుస్తోంది. అరగంట పట్టింది. ఆమె గొడుగు పట్టలేదు. గుడారం మడిచి, వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. పెడలు చేత్తో పట్టుకునే ఆయన పక్కన ఎక్కాడు.

"సోమవారం సంగతి?" భయంభయంగా అడిగాడు.

"ఈ మలుపులన్నీ అయ్యాక చెబుతాను. మీరు కళ్లు మూసుకోండి. మీ మొహం చూస్తే నాకు భయం."

మూసుకున్నాడు. బండి కదిలింది. మొదటి మలుపులో చక్రాలు కాస్త జారాయి. ఆయన పళ్లు బిగించాడు. బండి దానంతటదే సర్దుకుందనిపించింది. కాదు, ఆమె సర్దింది. ఆ మాట పైకి అందామనుకున్నాడు గానీ, మెచ్చుకునే అర్హత తనకింకా ఉందో లేదో తేల్చుకోలేక ఊరుకున్నాడు.