తడపని ఓడ బొమ్మ

మా మేడమీది అక్క పోయింది. శుక్రవారం వాళ్ల తమ్ముడి కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికే అన్నీ అయిపోయాయట. మీకు చెప్పాలని ఎవరికీ తట్టలేదండీ అన్నాడు, పాపం. ఎలా తడుతుంది? చుట్టాన్నా, పక్కాన్నా? ఆమె రంగు పెన్సిళ్ల డబ్బా ఇంకా ఉంటే నాకిమ్మన్నాను.

ఎనభైల మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజుల్లో, గోదావరి వైపు నుంచి విశాఖపట్నానికి కాపురానికొచ్చాను. మా ఆయన పొద్దున్నే పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. పలకరించే దిక్కు లేదు. మేడమీద అద్దెకున్న అక్కదీ అదే బతుకు. వాళ్లాయన ఓడలో పనిచేసేవాడు. నీళ్లు తగిలితే రంగైపోయే ఆ పెన్సిళ్లు ఆయన ఏదో పరాయి రేవులో కొని తెచ్చినవే.

సాయంత్రాలు అక్క డాబా మీద, పోర్టు నుంచి వచ్చి పడిన ఎర్రధూళి చీరకొంగుతో తుడిచి కూర్చునేది. దూరంగా లంగరేసిన ఓడల్ని గీసి, సన్న కుంచెతో తడిపేది. నాకూ నేర్పింది. "ముదురు రంగుని సివర్న తడపాల సెల్లీ. ముందే తడిపితే అన్నిట్లోకీ దూరిపోతాది" అనేది.

ఆమెకో అలవాటుండేది. ఆయన బయల్దేరిన రోజున ఆ ఓడని, దాని మీద ఆయన్నీ ఆ రంగు పెన్సిళ్లతో గీసి పొడిగానే గోడకి అంటించేది. ఆయన తిరిగొచ్చాక, ఇద్దరూ కూర్చుని తడిపేవారు. అప్పటిదాకా దాని దగ్గరికి చుక్క నీరు రానిచ్చేది కాదు.

ఒకసారి ఓడ వచ్చింది, ఆయన రాలేదు. ఏదో రేవులో దిగి మళ్లీ ఎక్కలేదన్నారు. బతికున్నాడో లేదో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. వీధిలో వాళ్లు తలో మాటా అన్నారు. అక్క మాత్రం ఏడవగా నేను చూడలేదు. ఆ బొమ్మని అలాగే ఉంచింది. ఎన్నాళ్లు చూసుకుంటూ కూర్చుంటావక్కా, తడిపెయ్యకూడదా అని ఉండబట్టలేక అడిగాను.

"తడిపీసినాక ఇంకేటుంటాది సెల్లీ? బొమ్మ అయిపోయినట్టే కదా" అంది.

తర్వాత ఆమె అచ్యుతాపురం అవతల, సముద్రం పక్క పల్లెలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. మేము గోపాలపట్నం వచ్చేశాం. అక్క వెళ్లాక నేను మళ్లీ పెన్సిల్ పట్టుకోలేదు. పక్కన కూర్చునే మనిషి లేకపోతే ఏం గీస్తాం?

నిన్న ఆ అబ్బాయి డబ్బా తెచ్చిచ్చి వెళ్లాడు. పెన్సిళ్లన్నీ వేలెడంత కూడా లేవు. అడుగున మడత పెట్టిన ఆ బొమ్మ ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఇక నేనే తడపాలనుకుని గ్లాసుతో నీళ్లూ, కుంచే తెచ్చుకుని కూర్చున్నాను.

తీరా మడత విప్పితే, ఓడ చుట్టూ నీలం అప్పటికే పాకి ఉంది. కుంచె తగిలిన గుర్తు లేదు. ఇన్నేళ్ల ఉప్పుగాలి చెమ్మే దాన్ని తడిపింది. డెక్కు మీద చెయ్యెత్తి నిలబడ్డ మనిషి మాత్రం ఇంకా పొడిగానే ఉన్నాడు.

గ్లాసులో నీళ్లు తులసి కుండీలో పోసేశాను.