సుజాతమ్మ మెషీన్ ఆగిన చోటు

నేను పెట్టని అడ్డును నేనే పెట్టానని రాసి, రాయదుర్గంలోని మా ఆఫీసు నన్ను పనిలోంచి తీసేసింది. ముందు ఆ మాట చెప్పాలి, మిగతాది తర్వాత.

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పదో తరగతితో చదువు ఆగింది. టైపు మిషన్లు బాగుచేస్తూ, పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్లు నేర్చుకున్నాను. యంత్రం మొరాయిస్తే కారణం ఉంటుంది, వెతకాలి, అంతే.

ఆఫీసు కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ఇన్‌స్టాలర్ తయారుచేయడం మా పని. అందులో ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడును లైబ్రరీ అంటారు. ఒక ప్రోగ్రాముకు పాత లైబ్రరీ కావాలి, ఇంకోదానికి అదే లైబ్రరీ కొత్తది కావాలి. రెండూ ఒక మెషీన్‌లో ఇమడవు. ఇన్‌స్టాలర్ ఆగి, ఏం చేయమంటారని అడుగుతుంది. చాలామంది బలవంతంగా కానిచ్చేస్తారు.

నాతో పనిచేసిన యాదగిరి అలా చేసేవాడు కాదు. "జబర్దస్తీ ఎందుకు పెద్దన్నా? అడుగుతుందంటే ఎవరికో నొప్పి ఉన్నట్టే" అనేవాడు. పాతదాన్ని కదలకుండా కట్టేసి, ఎందుకు కట్టేశాడో ఒక వాక్యం తెలుగులో రాసేవాడు, ఆగినప్పుడు తెరమీద కనబడేలా.

హెల్ప్‌డెస్క్‌లో పనిచేసే సుజాతమ్మకు చూపు లేదు. తెరమీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రాము లేకపోతే ఆమెకు ఉద్యోగం లేదు. దానికి పాత లైబ్రరీయే కావాలి. అక్కడ యాదగిరి రాసింది: "ఇది తీస్తే సుజాతమ్మకు వినబడదు. తియ్యకుండ్రి."

యాదగిరి గుండెపోటుతో పోయాడు. కొన్నాళ్లకు కొత్త మేనేజరు వచ్చి, మీటింగుల ప్రోగ్రాముకు కొత్త లైబ్రరీ కావాలి, ఆ కట్టు తీసేయమన్నాడు. సుజాతమ్మ సంగతి చెప్పాను. "ఆమెకు తర్వాత చూద్దాం లెండి" అన్నాడు.

తీసేశాను. ఇది దాచను. యాదగిరి లాగిన్ కూడా నేనే చెరిపాను. ఇన్‌స్టాలర్‌ను మొదటినుంచి మళ్లీ తయారుచేసి, ఆ వాక్యం ఎక్కడా లేదని రెండుసార్లు వెతికి చూశాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి, అందరి ముందూ, సుజాతమ్మ మెషీన్‌లో వేశాను. సగంలో ఆగింది. తెరమీద అదే వాక్యం. కింద యాదగిరి పేరు, ఆ రోజు తేదీ.

"ఏమైందండీ, అందరూ అలా ఊరుకున్నారేం?" అంది సుజాతమ్మ.

"మీరు పెట్టకపోతే దయ్యం పెట్టిందా పెద్దాయనా?" అన్నాడు మేనేజరు. నలుగురూ నవ్వారు. సాయంత్రానికి నా చేతికి కాగితం వచ్చింది.

ఆ కాగితంలో నన్ను ఇప్పటికీ మండించేది ఒక్కటే. ఆ అడ్డు పెట్టి ఉండాల్సినవాణ్ణి, పెట్టలేదు. నాకు లేని ధైర్యాన్ని నేరంగా నా పేరు మీద రాశారు.

మియాపూర్‌లో ఇంట్లో కూర్చుని నా దగ్గరున్న ఇన్‌స్టాలర్ కాపీని అక్షరం అక్షరం వెతికాను. ఆ వాక్యం లేదు. ఎలా వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను. ఎవరు పెట్టారో తేల్చమని ఆఫీసుకు ఏడు ఉత్తరాలు రాశాను. ఏడోదానికి మేనేజరే జవాబిచ్చాడు:

"మీరు కాదండీ. వేరేవాళ్లతో ఇన్‌స్టాలర్‌ను మళ్లీ మొదటినుంచి తయారుచేయించి, కొత్త మెషీన్‌లో వేయించాను. అక్కడే ఆగింది. సుజాతగారికి పాతదే ఉంచేశాం. వాక్యం అదే, కింద ఇంకొకటి చేరింది: ‘పెద్దన్న ఏడున్నడు?’ ఏం చెప్పమంటారు?"