సమితిలో నా చెయ్యి, ఇంట్లో అవ్వ గంప

ఒక్క చెయ్యితో ఒక దవాఖానాను రాకుండా ఆపిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. లంచం తిని ఆపలేదు, పగపట్టి ఆపలేదు. ఆ దవాఖానా రావాలని మనసారా మొక్కుకుంటూ ఆపాను. అలాంటి ఘనకార్యానికి మామూలు తెలివితక్కువతనం చాలదండీ, పెట్టి పుట్టాలి.

పంచాయతీ సమితులు పుట్టిన కొత్తలో సంగతి ఇది. మా ఊరు హుస్నాబాదుకు నాలుగు కోసుల దూరం. మాది మగ్గం నేసుకునే ఇల్లు. ఇరవై ఆరేళ్లకే సర్పంచినీ, ఆ లెక్కన సమితి మెంబరునీ అయ్యానంటే నా ప్రతాపమేదో ఉందనుకునేరు. ఊళ్లో రెండు వర్గాలు ఒకరి మనిషిని ఒకరు ఒప్పుకోక, చివరికి "లక్ష్మీరాజమైతే ఎవ్వలకు అడ్డం రాడు" అని నన్ను నిలబెట్టాయి. చేలో దిష్టిబొమ్మను నిలబెట్టేటప్పుడు కూడా అందరూ ఇట్లాగే ఒప్పుకుంటారు.

నన్ను కన్న మా అవ్వ ఎల్లవ్వ. చుట్టుపక్కల ఐదూళ్లకు ఆమే మంత్రసాని. ఎంత కష్టమైన కాన్పయినా అవ్వ గడపలో అడుగుపెడితే ఇంటివాళ్లకు ప్రాణం కుదుటపడేది. ఊరందరికీ చల్లని తల్లి. తిట్లన్నీ నా ఒక్కడి కోసం దాచిపెట్టుకునేది.

ఒకనాడు నేను మగ్గం మీద ఉండగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రాజం, నా చేతులు వణుకుతున్నయిరా. మొన్న బొడ్డు కోస్తుంటే కత్తి జారింది. పోరికి ఏం కాలే, మల్లన్న దయ. నా చేతుల్ల ఏ బిడ్డకన్న ఏమన్న అయితే నేను బతుకుతనా? సర్కారు నర్సమ్మను తీస్కరా."

"తీస్కొస్త అవ్వా. సమితిల తీర్మానం పెడుతున్నరు. చెయ్యెత్తుడే తరువాయి."

"అయితే ఎత్తు. పుట్టినకాంచి నీ చేతికి గిదొక్క పని చెప్తున్న."

నిజానికి అది అంత చిన్న పనే. సర్కారు మా సమితికి ఆరు పడకల ఆరోగ్య కేంద్రం, ఒక డాక్టరు, కాన్పులు చేసే నర్సు ఇస్తానంది. జాగా మేమిస్తామని సమితి ఒక తీర్మానం చేస్తే చాలు. దీన్ని ఎవరైనా కాదంటారా అని మీరు అడుగుతారు. ఎదుటి పార్టీ ఉంటే సిగ్గుకైనా అవునని ఉండును. మా సమితిలో అందరిదీ ఒకే పార్టీ! అదీ వచ్చిన చిక్కు.

అధ్యక్షుడు రాఘవరావు బావ, ఉపాధ్యక్షుడు వెంకట్రావు ఆయన సొంత బామ్మర్ది. ఏదో పెళ్లి బంతిలో ఎవరికి ముందు వడ్డించారన్న దగ్గర మొదలైన పంచాయితీ పార్టీని నిట్టనిలువునా చీల్చింది. "బావ తెచ్చిన దవాఖాన నాకద్దు. రేపు నేను అధ్యక్షున్నయి నా దవాఖాన నేను తెచ్చుకుంట" అని వెంకట్రావు పట్టుబట్టాడు. రోగాలు అప్పటిదాకా ఓపిక పడతాయా అని అడిగినవాడు లేడు.

ఓటుకు నాలుగు రోజుల ముందు అధ్యక్షుడు నన్ను పిలిచాడు.

"రాజం, మన మెంబర్లను వాళ్లు గుంజుకపోకముందే క్యాంపుకు తోలుతున్న. పొద్దుగాల బస్టాండు కాడికి జీపు వస్తది. ఎక్కు. ఓటు ముచ్చట మాత్రం తియ్యకు. డ్రైవరు ఎవ్వలోడో ఏమో."

"గట్లనే సార్."

పొద్దున బస్టాండు దగ్గర నిలబడ్డాను. పార్టీ జెండా రెపరెపలాడుతూ జీపు వచ్చింది. నిండా ఖద్దరు చొక్కాలు. "మనోడేనా?" అన్నారు లోపలినుంచి. "మనోన్నే" అన్నాను. చెయ్యి అందించి లోపలికి లాక్కున్నారు. మీరు ఊహించేశారు. అదే జెండాతో, అవే చొక్కాలతో అధ్యక్షుడి జీపు నా వెనకాలే వచ్చిందట. ఒకే పార్టీ అయ్యాక జెండా మారుతుందా, బట్ట మారుతుందా?

లోపల కూర్చున్నవాళ్లు వెంకట్రావు మనుషులని నాకు తెలియక కాదు. కానీ ఆ రోజుల్లో మా మెంబర్లు మగ్గంలో నాడె లాగా పొద్దున ఈ పక్క, సాయంత్రం ఆ పక్క. పాపం, వీళ్లంతా మంచిదారికి వచ్చారని సంతోషించాను. ఓటు ముచ్చట తియ్యొద్దన్నారు గనుక నేను తియ్యలేదు. వాళ్లకూ అదే ఆజ్ఞ గనుక వాళ్లూ తియ్యలేదు. అంత క్రమశిక్షణ మా పార్టీలో అంతకుముందు లేదు, ఆ తర్వాత లేదు.

జీపు కరీంనగరం దాటి, గోదావరి దాటి, మధ్యాహ్నం దాటాక ఉట్నూరు అడవిలో ఒక గెస్ట్‌హౌసు ముందు ఆగింది. రెండు రోజులు జొన్నరొట్టెలు, వేటకూర, పేకాట. వంటాయన మరాఠీ కలిపి మాట్లాడుతూ కొసరి కొసరి వడ్డించేవాడు. నా జన్మలో అంత మర్యాద చూడలేదు. మా అధ్యక్షుడి చెయ్యి ఎంత పెద్దదో అనుకుంటూ మూలుగబొక్క జుర్రుతుండగా మూడో రోజు ఇంకో జీపు వచ్చింది. అందులోంచి వెంకట్రావు దిగాడు.

నా చేతిలో బొక్క పళ్లెంలో పడింది. ఆయన నేరుగా వచ్చి నన్ను కావలించుకున్నాడు.

"శభాష్ రాజం! పిలువకముందే మా జీపెక్కినవట. గిసొంటి ఈమాన్ ఉన్న మనిషి మా బావ కాడ ఒక్కడు లేడు."

"సార్... నేను... జీపు..."

"జీపు నీదే అనుకో. ఇంకో ముక్క వెయ్యండ్రా రాజానికి!"

పారిపోదామంటే చుట్టూ అడవి. పులి తింటే ఏ వర్గం వాణ్ణని తినేదో చెప్పలేం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు గానీ నా కడుపులో వేటకూర కూడా ఉంది. తిన్న ఉప్పు మాట్లాడనివ్వలేదు.

మర్నాడు తెల్లారి బయలుదేరేముందు వెంకట్రావు పళ్లెంలో మల్లన్న బండారి తెచ్చాడు. మా దిక్కు బండారి ముట్టి మాట ఇస్తే అది కాగితం మీద సంతకం కాదు. ఆ పసుపు నొసట పెట్టుకుని అబద్ధమాడితే ఏమవుతుందో చెప్పే కథలు ప్రతి ఇంటికీ పది ఉంటాయి. ఒక్కొక్కరే ముట్టి, "దవాఖానకు చెయ్యెత్తను" అని ఒట్టేశారు. నా వంతు వచ్చింది. పదకొండు మంది చూస్తున్నారు. నా వేళ్లు బండారిలో మునిగాయి. నోరు నాది కాదన్నట్టు ఒట్టు పలికింది.

జీపు నేరుగా సమితి ఆఫీసుకే తెచ్చి దించింది. నా నొసటి పసుపు చూసి అధ్యక్షుడి మొహం తెల్లబోయింది. లెక్క అందరికీ తెలుసు. హాజరైంది ఇరవై ముగ్గురం. ఇటు పదకొండు, అటు పదకొండు, నడుమ నేను.

బీడీవో రిజిస్టరు తెరిచి, "అనుకూలం ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు.

అవ్వ చేతులు కళ్లముందు కనబడ్డాయి. ఆ వణుకు కనబడింది. మల్లన్నా, నన్నేమైనా చెయ్యి, నా చెయ్యి మాత్రం ఆపకు అనుకుని, భయంతో కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి పడిపోతుందేమో, పిడుగు ఇప్పుడు పడుతుందా, ఇంకాసేపటికి పడుతుందా అని లోపల దండకం చదువుతున్నాను. చదువుతూనే ఉన్నాను.

పిడుగు పడలేదు గానీ నవ్వులు పడ్డాయి. కళ్లు తెరిస్తే నా చెయ్యి పైనే ఉంది. నాతోపాటు వెంకట్రావు మనుషులవి పదకొండు చేతులూ పైనే ఉన్నాయి. బీడీవో "వ్యతిరేకం" అని ఎప్పుడు అన్నాడో, ఎప్పుడు లెక్కపెట్టాడో దేవుడికే ఎరుక.

"అనుకూలం పన్నెండు, వ్యతిరేకం పన్నెండు" అని ఆయన తల గోక్కున్నాడు. "ఇరవై ముగ్గురికి ఇరవై నాలుగు ఓట్లెట్లా వచ్చాయండీ?"

"రాజం మావోడు! ముందుగాల మాకే ఎత్తిండు!" అని అధ్యక్షుడు లేచాడు.

"నొసటికి బండారి చూడు బావా! మా ఉప్పు తిన్నడు!" అని బామ్మర్ది లేచాడు.

"లక్ష్మీరాజం గారూ, మీరే చెప్పండి. మీ ఓటు ఎటు?"

ఇక్కడ కాసేపు నవ్వు ఆపండి. ఒక్క మాట అంటే అయిపోయేది. దవాఖానాకే అంటే పన్నెండుకు పదకొండు, నర్సమ్మ వచ్చినట్టే. కానీ పదకొండు మంది ముందు బండారి తప్పానని నా నోటితో నేను ఒప్పుకోవాలి. చాటుగా కళ్లు మూసుకుని తప్పడానికి ఉన్న ధైర్యం, కళ్లు తెరిచి చెప్పడానికి లేకపోయింది.

"రెండూ" అన్నాను.

ఆ తర్వాత గ్లాసులు లేచాయి, కుర్చీలు లేచాయి. బీడీవో రిజిస్టరును గుండెకు హత్తుకుని సభ వాయిదా వేసి పారిపోయాడు. గడువు దాటిపోయి, ఆ ఏటి దవాఖానా పక్క సమితికి పోయింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, సర్పంచి చేతిలోనే శని ఉంది.

ఇంటికి వచ్చేసరికి అవ్వ గడపలో కూర్చుని ఉంది.

"ఎత్తినవా?"

"ఎత్తిన."

"మరి?"

"దించుడు మరిచిన అవ్వా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టకపోవడం అదే మొదటిసారి, దానికంటే చెంపదెబ్బ నయం. లోపలికి వెళ్లి గంప తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఆముదం ముంత, నూలు దారం, చిన్న కత్తి, పాత మెత్తటి బట్టలు.

"నర్సమ్మ వచ్చేదాక నా ఎంబడి గంప మోసుడు నీ పని. పోయిన కాంచి ఇల్లు చేరేదాక దాన్ని నేల మీద పెట్టద్దు. పెడితే కాన్పు కష్టమైతది. ఇదన్న యాదికుంటదా?"

సర్పంచిని, తెల్లచొక్కా వేసుకుని, మంత్రసాని వెనకాల గంప మోసుకుంటూ ఐదూళ్లు తిరిగాను. జనం నన్ను "గంప సర్పంచి" అన్నారు. అప్పుడు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు, ఈ వయసులో, ఆ పేరుతో నన్ను ఒక్కసారి ఎవరైనా పిలిస్తే బాగుండునని ఉంటుంది. పిలిచేవాళ్లు లేరు.

జొన్నచేల గట్ల మీద అవ్వ ముందు నడిచేది, నేను వెనక. ఎదురైన ప్రతి మనిషి పుట్టుక ఆమెకు తెలుసు. "వీడు అడ్డం తిరిగిండు. గాళ్ల పెద్దపిల్ల కాళ్లతోని వచ్చింది" అని చెబుతూ పోయేది.

"నేనెట్ల పుట్టిన అవ్వా?"

"నువ్వా? తలకాయ పక్కపొంటి చెయ్యి పెట్టుకొని వచ్చినవ్. చెయ్యి ఎప్పుడెత్తాల్నో నీకు గప్పుడే తెల్వది."

అని నవ్వేది. ఆ నవ్వు వినడానికి ఇంకో పది తీర్మానాలైనా పాడుచేసేవాణ్ణి.

ఆ వానాకాలమే వెంకట్రావు ఇంటినుంచి కచ్చడం బండి వచ్చింది. ఆయన బిడ్డకు తొలి కాన్పు. వాగు పొంగి పట్నం దారి తెగింది. అవ్వ లోపలికి పోయింది. నేను గంప అందించి అరుగు మీద నిలబడ్డాను. దవాఖానా వద్దన్న పెద్దమనిషి స్తంభం పట్టుకుని చిన్నపిల్లాడిలా మల్లన్నకు మొక్కుతున్నాడు. మధ్యాహ్నం దాటాక లోపల బిడ్డ ఏడ్చింది. అవ్వ బయటికి వచ్చి రెండు చేతులూ ఆయన ముందు చాపింది. అవి ఆగకుండా వణుకుతున్నాయి.

"చూడు దొరా. గీ చేతుల్ల పెట్టినవ్ నీ బిడ్డ పానం. ఇంకోపారి పెట్టకు."

ఆ వాగు తగ్గగానే వెంకట్రావు బావ ఇంటికి తనే నడిచి వెళ్లాడని తర్వాత తెలిసింది.

మరుసటేడు మళ్లీ తీర్మానం వచ్చింది. ఈసారి కళ్లు తెరిచి, వేళకు ఎత్తి, వేళకు దించాలని వారం రోజులు ఇంట్లో సాధన చేశాను. ఓటు నాటి పొద్దున్నే పక్క ఊళ్లో కాన్పు. అయ్యేసరికి సభ వేళయింది. అవ్వ బాలింత దగ్గర ఉండిపోయి, "గంప తీస్కొని అటునుంచి అటే పో. నేల మీద పెట్టకు" అంది. ఉరికాను.

ఆఫీసులో నేల మీద పెట్టొద్దు. బల్ల మీద పెట్టబోతే, "పురుటి గంపండీ, రిజిస్టరు ఉంది" అని బీడీవో అడ్డుపడ్డాడు. పక్కవాళ్లను పట్టుకోమంటే మైల అని జరిగిపోయారు. చేసేది లేక ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను.

"అనుకూలం ఉన్నవారు చేతులెత్తండి."

బావ ఎత్తాడు. బామ్మర్ది ఏకంగా రెండు చేతులూ ఎత్తాడు. నేను ఒక చెయ్యి తీశాను, ఆముదం ముంత ఒరిగింది. గబుక్కున పట్టుకున్నాను. ఇంకో చెయ్యి తీశాను, కత్తి జారింది. దాన్నీ పట్టుకున్నాను. తల ఎత్తేసరికి లెక్క అయిపోయింది.

ఆ రిజిస్టరు ఎక్కడైనా చెదలు పట్టకుండా ఉంటే చూడండి: "అనుకూలం ఇరవై రెండు. తటస్థం ఒకరు, శ్రీ లక్ష్మీరాజం." మొదటిసారి రెండు దిక్కులా, రెండోసారి ఏ దిక్కూ లేకుండా, ఆ దవాఖానాకు సరిగ్గా ఒక్క ఓటు వెయ్యని సర్పంచిని ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

సంగతి చెబితే అవ్వ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పోనీ తీ బిడ్డా, గంపనన్న దించలే" అంది. నర్సమ్మ వచ్చిన రోజు తన చేతులు రెండూ ఆమె చేతుల్లో పెట్టి, చాలాసేపు అట్లాగే ఉంది. ఆ తర్వాత అవ్వ నాలుగేళ్లే ఉంది.

గంప ఇప్పటికీ మా ఇంట్లో దండెం పక్కన కొయ్యకు వేలాడుతోంది. నేల మీద పెట్టలేదు.

కాబట్టి మల్లన్న సాక్షిగా, ఈసారి బండారి ముట్టకుండానే ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ సభలోనైనా కళ్లు తెరిచి చెయ్యెత్తుతాను, పిలుపు అయిపోగానే దించుతాను, జీపు ఎక్కేముందు ఎవరిదో అడుగుతాను. ఒక్కటి మాత్రం మినహాయింపు. జొన్నచేల గట్టు మీద అవ్వ ముందు నడుస్తూ, ఆ గంప మళ్లీ నా చేతుల్లో ఉంటే, లోకమంతా లేచి ఓటు అడిగినా సరే, చెయ్యెత్తను.